ఎర్రకోట బోనులో తెలుగు మాట

“అప్రూవర్ అంటే తెలుగులో ఏమనాలి సార్?” అని మొన్న మా డిగ్రీ విద్యార్థి ఒకడు అడిగాడు. తెలుగు మాస్టారు గదా, మాట అడిగితే మాట ఇవ్వాలి. నేను ఆలోచిస్తుండగానే వెనుక బెంచీలోని బేస్తవారిపేట కుర్రవాడొకడు అందుకుని, “దాంట్లో ఏముంది సార్! అందరితో కలిసి దొంగతనం చేసి, పట్టుబడ్డాక మిగతావాళ్ళను పట్టిచ్చి, తాను మాత్రం ఇంటికి పోయేవాడు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నిర్వచనం మోటుగా ఉన్నా తప్పు మాత్రం కాదు. నవ్వు సద్దుమణిగాక ఆ కుర్రవాడే, “మరి అటువంటివాడు చెప్పింది నిజమని జడ్జి ఎట్లా నమ్ముతాడు సార్?” అన్నాడు. అంతలో గంట కొట్టేశారు. జవాబు ఇక్కడ చెబుతున్నాను.

అడిగినవాడు చిన్నవాడైనా ప్రశ్న చిన్నది కాదు. హత్య చేసినవాణ్ణి పట్టుకోవడం ఒక ఎత్తు. అతని వెనుక ఎవరెవరు కూర్చుని ఏమేమి అనుకున్నారో రుజువు చేయడం మరొక ఎత్తు. కుట్ర అనేది తలుపు వేసుకుని చేసే పని. తలుపు వెనుక మాటకు సాక్షి ఎవరు? ఆ తలుపు వెనుక కూర్చున్నవాడే. అందుచేత ప్రభుత్వం వాళ్ళలో ఒకణ్ణి బయటికి పిలిచి, “నీ తప్పు కాస్తాం, ఉన్నది ఉన్నట్టు చెప్పు” అంటుంది. ఈ బేరం లేకపోతే చాలా కుట్ర కేసులు కోర్టు గడపే తొక్కవు. ఈ బేరం ఉన్నందువల్లనే వాటిలో చాలా వివాదాల పాలవుతాయి.

దీన్ని సెక్షన్లతో చెప్పుకుపోతే ఇంట్లో ఆడవాళ్ళు పత్రిక మడిచి అవతల పెట్టేస్తారు. ఒక మనిషి కథతో చెబుతాను. ఆ మనిషి పేరు శంకర్ కిష్టయ్య.

పేరు వినగానే మనవాడే అనిపిస్తుంది గదా! కిష్టయ్య లేని వీధి మన గిద్దలూరు, కంభం వైపు ఉండదు. నిజానికి కిష్టయ్య ఇతని పేరు కాదు, తండ్రి పేరు. ఆ ప్రాంతపు ఆచారం ప్రకారం కొడుకు పేరు వెనుక చేరి, కోర్టు కాగితాల్లో ఇంటిపేరులాగ స్థిరపడిపోయింది. ఊరు షోలాపూరు. మహారాష్ట్రంలో ఉన్నా అక్కడ తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. మగ్గాల మీదా మిల్లుల్లోనూ బతకడానికి తెలంగాణ నుంచి వెళ్ళి తరతరాలుగా స్థిరపడినవారు ఎందరో. శంకర్‌కు చదువు లేదు. పూనాలో దిగంబర్ బడ్గే అనే ఆయన దగ్గర పనికి కుదిరాడు.

ఈ బడ్గేది ఆయుధాల దుకాణం. శస్త్ర భండార్ అని పేరు. బాకులూ కత్తులూ బాహాటంగా అమ్మేవాడు. బాహాటంగా అమ్మకూడనివి కూడా చాటుగా అమ్మేవాడు. శంకర్ ఇంటి పనీ చేసేవాడు, కొనుక్కున్నవారికి సరుకూ చేర్చేవాడు. మన వైపు జీతగాడు అంటామే, అట్లాంటివాడు. యజమాని “ఇది పట్టుకెళ్ళి ఫలానా వారికి ఇచ్చిరా” అంటే సంచిలో ఏముందని అడిగే జీతగాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు.

1948 జనవరి రెండో వారంలో ఆ దుకాణం సరుకు కొందరికి అవసరమైంది. “హిందూ రాష్ట్ర” పత్రిక సంపాదకుడు నాథూరాం గోడ్సే, అతని సహచరుడు నారాయణ ఆప్టే ఆ కొనుగోలుదారులు. బడ్గే సరుకుతో బొంబాయి వెళ్ళాడు. శంకర్ కూడా వెళ్ళాడు. అక్కడినుంచి సరుకే కాదు, మీరూ ఢిల్లీ రండి అన్నారు. బడ్గే వెళ్ళాడు, శంకర్ కూడా వెళ్ళాడు. ఈ “శంకర్ కూడా” అనే రెండు మాటల మీదనే తర్వాత ఒక మనిషి ప్రాణం వేలాడింది.

జనవరి 20న బిర్లా భవనంలో గాంధీగారి ప్రార్థన సభకు వచ్చినవాళ్ళు ఏడుగురు. మదన్‌లాల్ పహ్వా గోడ దగ్గర మందు పేల్చాలి. జనం బెదిరి ఆ గొడవలో ఉండగా, గాంధీగారు కూర్చునే వేదిక వెనుకనున్న నౌకర్ల గదిలోనుంచి, జాలీ సందుల్లోంచి బడ్గే కాల్చాలి. ఇదీ ప్రాసిక్యూషన్ చెప్పిన పథకం. మందు పేలింది. కాని బడ్గేకు గుండె జారింది. ఆ గదిలో చిక్కుకుంటే బయటపడే దారి లేదని తోచి లోపలికి పోలేదు. తన వెంట ఉన్న శంకర్‌ను కూడా ఏమీ చేయవద్దన్నాడు. మదన్‌లాల్ ఒక్కడు దొరికాడు. మిగిలిన ఆరుగురూ ఢిల్లీ దాటిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగక తప్పదు. పట్టుబడిన మనిషి చేతిలో ఉన్నాడు. పూనా పత్రిక సంపాదకుడు ఒకడు ఇందులో ఉన్నాడన్న ఆనవాలు అతని మాటల్లో దొరికింది. బొంబాయిలో ఒక కాలేజీ ప్రొఫెసరు, డాక్టర్ జె.సి. జైన్, మదన్‌లాల్ తనతో ముందే వాగిన సంగతిని మరునాడే వెళ్ళి ప్రభుత్వ పెద్దలకు చెప్పాడు. పది రోజుల వ్యవధి ఉంది. అయినా జనవరి 30 సాయంకాలం ఆ గోడ్సేయే తిరిగి వచ్చి, అదే తోటలో, మూడు గుండ్లు పేల్చగలిగాడు. విచారణ జరిపిన జడ్జి తన తీర్పులో పోలీసుల అలసత్వాన్ని గట్టిగానే ఎత్తి చూపాడు. జనవరి 20 తర్వాత కాస్త చురుకుగా ఉంటే ఈ విషాదం తప్పి ఉండేదేమో అన్నాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ ప్రొఫెసరు గుర్తుకొస్తాడు. విన్నది వెళ్ళి చెప్పడానికి అతను వెనుకాడలేదు. విన్నవారే ఎందుకో ఆలస్యం చేశారు.

సరే, కేసు ఎర్రకోటకు వచ్చింది. 1948 మే నెలలో ప్రత్యేక న్యాయస్థానం. జడ్జి ఆత్మాచరణ్ ఐ.సి.ఎస్. జ్యూరీ లేదు. బోనులో ఎనిమిదిమంది: నాథూరాం గోడ్సే, ఆప్టే, విష్ణు కర్కరే, మదన్‌లాల్ పహ్వా, శంకర్ కిష్టయ్య, గోపాల్ గోడ్సే, వినాయక్ దామోదర్ సావర్కర్, గ్వాలియర్ డాక్టరు పర్చూరే. సంపాదకులు, డాక్టరు, బారిస్టరు చదువు చదివిన నాయకుడు. వారి మధ్యన అక్షరం ముక్క రాని పనివాడు. కోర్టు వ్యవహారం ఇంగ్లీషులో సాగుతుంటే ముద్దాయిల కోసం హిందూస్తానీకి ఒక దుబాసీ, మరాఠీకి ఒక దుబాసీ, తెలుగుకు ఒక దుబాసీ. మొగలాయి పాదుషాల కోటలో, జాతిపిత హత్య కేసులో, మన భాషకు దొరికిన స్థానం అది. తెలుగు ఎక్కడెక్కడ వినిపించిందో గొప్పగా చెప్పుకునేవాళ్ళం ఈ సంగతి ఎక్కడా చెప్పుకోము!

బోనులో ఉండవలసిన తొమ్మిదోవాడు బోనులో లేడు. సాక్షి పీట మీద ఉన్నాడు. బడ్గేకు ప్రభుత్వం క్షమాపణ ఇచ్చింది. ఆయుధాలు ఎవరికి అమ్మిందీ, ఎవరెవరిని ఎక్కడెక్కడ కలిసిందీ, ఎవరు ఏమన్నదీ 1948 జూలైలో రోజుల తరబడి వాంగ్మూలం ఇచ్చాడు. ఏడెనిమిదిమంది వకీళ్ళు వంతుల వారీగా క్రాస్ ఎగ్జామిన్ చేసినా పెద్దగా తడబడలేదు. జడ్జి అతని సాక్ష్యాన్ని నమ్మదగినదే అన్నాడు.

చదువరులు ఒక్క క్షణం ఆ దృశ్యం ఊహించుకోండి. సరుకు తెచ్చిన యజమాని సాక్షి. సంచితో వెంట వచ్చిన పనివాడు ముద్దాయి. గదిలోనుంచి కాల్చడానికి ఒప్పుకున్నవాడు తప్పు కాయించుకున్నాడు. “నువ్వేమీ చేయకు” అంటే చేయకుండా ఊరుకున్నవాడు బోనులో నిలుచున్నాడు. న్యాయశాస్త్రం దృష్టిలో ఇందులో వింత ఏమీ లేదు. పనివాడికి తెలిసింది యజమానికి తెలిసినదానిలో వెయ్యో వంతు. అప్రూవర్‌గా వాడెందుకు పనికొస్తాడు? తెలిసినవాడికే బేరం. ఏమీ తెలియనివాడి దగ్గర అమ్మడానికి ఏముంటుంది?

1949 ఫిబ్రవరి 10న తీర్పు వచ్చింది. నాథూరాంకూ ఆప్టేకూ ఉరి. కర్కరే, మదన్‌లాల్, గోపాల్ గోడ్సే, పర్చూరే, శంకర్ కిష్టయ్య, ఈ అయిదుగురికీ యావజ్జీవ ద్వీపాంతరం. శంకర్ శిక్షను మాత్రం ఏడేళ్ళకు తగ్గించవచ్చునని జడ్జి సిఫారసు చేశాడు. సావర్కర్‌ను విడిచిపెట్టాడు. బడ్గే తన దారిన తాను వెళ్ళాడు.

తర్వాతి కథకు పోయేముందు కొంచెం వెనక్కు, కొంచెం దక్షిణానికి రావాలి. ఈ అప్రూవర్ చిక్కు ఎర్రకోటలో పుట్టింది కాదు. అంతకు 37 ఏళ్ళ ముందే మద్రాసు హైకోర్టులో, మరొక రాజకీయ హత్య తర్వాత, మరొక కుట్ర కేసులో వచ్చింది. ఆ కేసులో ముద్దాయిల తరఫున నిలబడిన న్యాయవాదుల్లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన బారిస్టరు ఒకరున్నారు. ఇంకా చెప్పనక్కరలేదు, టంగుటూరి ప్రకాశం పంతులుగారే.

1911 జూన్ 17న తిరునెల్వేలి కలెక్టరు రాబర్ట్ ఆష్ భార్యతో కలిసి కొడైకెనాల్‌లో ఉన్న పిల్లల దగ్గరికి రైలులో బయలుదేరాడు. మణియాచ్చి జంక్షనులో బండి ఆగి ఉండగా సెంగోట్టై యువకుడు వాంచి అయ్యర్ మొదటి తరగతి పెట్టె ఎక్కి, భార్య ఎదుటనే అతణ్ణి కాల్చాడు. పారిపోయి ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్డిలో దూరి తననూ కాల్చుకున్నాడు. జేబులో ఒక కాగితం. దేశానికి రాబోతున్న జార్జి చక్రవర్తిని చంపడానికి వేలమంది ప్రతిజ్ఞ పట్టారని అందులో రాసి ఉంది.

ఆష్ మీద ఆ పగ ఎందుకంటే, 1908 నాటి సంగతి చెప్పాలి. తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ పెట్టాడు. ఆయన్ను అరెస్టు చేయగానే తిరునెల్వేలి భగ్గుమంది. కాల్పుల్లో నలుగురు చనిపోయారు. ఆనాడు తూత్తుకుడిలో సబ్ కలెక్టరు ఈ ఆష్. ఆ కాల్పుల వేడి మనకు కూడా తగిలింది. కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ “స్వరాజ్య” పత్రికలో వాటిని ఖండిస్తూ వ్యాసం వేసినందుకే రాజద్రోహం కేసులో మూడేళ్ళు జైలుకు వెళ్ళారు. బేస్తవారిపేట, గిద్దలూరు, మార్కాపురం అన్నీ అప్పట్లో కర్నూలు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాం, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. ఆ లెక్కన ఒకే కాల్పుల కథలో మన పాత జిల్లావారొకరు జైలుకు వెళితే, కొత్త జిల్లాకు పేరిచ్చిన వారొకరు కోర్టులో నిలబడ్డారన్నమాట.

కాల్చినవాడు చనిపోయాడు. ఇక కోర్టుకు ఎవరిని తేవాలి? వాంచి ఇల్లు సోదా చేస్తే దొరికిన ఉత్తరాల వెంట పోయి పోలీసులు ఒట్టపిడారం ఆర్ముగం పిళ్ళైని పట్టుకున్నారు, అతను సోమసుందరం పిళ్ళై పేరు చెప్పాడు, ఇద్దరూ అప్రూవర్లయ్యారు. కాళికాదేవి పటం ముందు ప్రమాణాలు, కుంకుమ నీళ్ళు, రహస్య సంఘం, ఈ కథంతా వారి నోటివెంట వచ్చింది. నీలకంఠ బ్రహ్మచారి మొదటి ముద్దాయిగా పధ్నాలుగుమంది మీద కేసు. జ్యూరీ లేకుండా ముగ్గురు హైకోర్టు జడ్జీలు కూర్చున్నారు: ప్రధాన న్యాయమూర్తి సర్ ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఐలింగ్, జస్టిస్ శంకరన్ నాయర్.

ప్రకాశంగారు అప్పటికి ఇంగ్లండులో బారిస్టరు పట్టా పుచ్చుకుని వచ్చి నాలుగేళ్ళు. మద్రాసు హైకోర్టులో తెలుగు బారిస్టర్లు వేళ్ళ మీద లెక్క. దొర కలెక్టరును చంపిన కేసులో ముద్దాయి పక్షాన నిలబడితే కోర్టులో ఎట్లా చూస్తారో, కక్షిదారులు ఎంతమంది మిగులుతారో ఆయనకు తెలియక కాదు. అయినా ఒక ముద్దాయి తరఫున వాదించి స్వల్ప శిక్షతో బయటపడేటట్టు చేశారు. (కొన్నిచోట్ల ఆష్ హత్య 1907లో జరిగినట్టు అచ్చయింది. 1907లో జరిగింది బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాస యాత్ర. రెండూ కలిసిపోయాయి కాబోలు.) హత్యను మెచ్చుకోవడం వేరు, హత్యానేరం మోపబడిన మనిషికి వకాలతు పట్టడం వేరు. ఈ తేడా ఇప్పటికీ చాలామంది చదువుకున్నవారికి తెలియదు. ముద్దాయి తరఫు వకీలును ముద్దాయికి మేనమామ అన్నట్టు చూస్తారు.

1912 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. తొమ్మిదిమందికి శిక్ష, అయిదుగురు విడుదల. ఎక్కువ శిక్ష నీలకంఠ బ్రహ్మచారికి, ఏడేళ్ళు. ఒక్కరికీ ఉరి పడలేదు. సాక్షాత్తు కలెక్టరు, రైలు పెట్టెలో, భార్య కళ్ళ ముందు హత్యకు గురైన కేసులో, చక్రవర్తి పట్టాభిషేకం దర్బారు జరిగిన రెండు నెలలకు! అప్రూవర్ చెప్పిన మాట ఎంతవరకు చెల్లుతుంది, అతను అంతకుముందు మేజిస్ట్రేటు దగ్గర చెప్పిందే మళ్ళీ కోర్టులో చెబితే దాన్ని బలంగా తీసుకోవచ్చునా అన్న ప్రశ్న మీద కేసు అయిదుగురు జడ్జీల ఎదుటికి కూడా వెళ్ళింది. ఎక్కువమంది మాటే చెల్లి శిక్షలు నిలిచాయి గాని, ఆ అయిదుగురూ ఒక్క మాట మీద లేరు. ఒకే మనిషి ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు సాక్ష్యాలవుతాయా? మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీలో కూడా ఇది వచ్చే చిక్కే.

ఆ నీలకంఠ బ్రహ్మచారి తర్వాత సన్యసించి, మైసూరు వైపు నంది కొండల మీద ఓంకారానంద అనే పేరుతో చాలాకాలం బతికి 1978లో కన్నుమూశాడు. ఏడేళ్ళ శిక్షకు బదులు ఉరిశిక్ష పడి ఉంటే ఆ స్వామి ఉండేవాడు కాదు.

ఇక మన శంకర్ దగ్గరికి వద్దాం. అప్పీలు పంజాబ్ హైకోర్టుకు వెళ్ళింది. దేశ విభజన తర్వాత ఆ కోర్టు సిమ్లాలో ఉండేది. జస్టిస్ భండారి, జస్టిస్ అచ్ఛ్రూరాం, జస్టిస్ ఖోస్లా విన్నారు. నాథూరాం గోడ్సే తన వాదన తానే చేసుకున్నాడు. హత్య చేశానన్నాడు, కుట్ర మాత్రం లేదు, ఇది నేనొక్కణ్ణే చేసిన పని అన్నాడు. ఆ ఒక్క మాట నిలబడితే మిగతావాళ్ళందరికీ విముక్తే గదా! అతని మాటల ధాటికి కోర్టులో ఆడవాళ్ళు కంటతడి పెట్టారని, ఆనాటి ప్రేక్షకులనే జ్యూరీగా కూర్చోబెట్టి ఉంటే నిర్దోషి అని తేల్చేవారేమోనని ఖోస్లాగారే తర్వాత తన పుస్తకంలో రాశారు.

నన్ను కలవరపెట్టేది ఈ భాగమే. జాతిపితను చంపినవాడికి మాట ఉంది. ఆ మాట జనాన్ని ఏడిపించింది. ఆయుధాలు అమ్మినవాడికీ మాట ఉంది. అది అతణ్ణి విడిపించింది. వీరిద్దరి నడుమ ఉన్నవాడికి దుబాసీ నోట వచ్చిన మాట తప్ప వేరే మాట లేదు. నేను పాతికేళ్ళుగా పిల్లలకు వక్తృత్వ పోటీలు పెట్టి కప్పులు పంచుతున్నవాణ్ణి. మాటకారితనం మంచి విద్యేనంటాను. కాని న్యాయస్థానంలో మాటకారితనాన్ని బట్టి లెక్క తేలిందంటే శంకర్ వంటివాడికి ఎప్పటికీ లెక్క తేలదు.

ఆ ముగ్గురు జడ్జీలు కన్నీళ్ళ వైపు చూడలేదు. బడ్గే చెప్పినదాన్ని ఒక్కొక్క ముద్దాయి దగ్గర విడివిడిగా పెట్టి, బడ్గే కాక మరొకరెవరైనా, ఒక హోటలు గుమాస్తాయో, టాక్సీ తోలినవాడో, రైలులో చూసినవాడో, ఈ మాటను బలపరుస్తున్నారా అని వెతికారు. నాథూరాం, ఆప్టే, కర్కరే, మదన్‌లాల్, గోపాల్‌ల విషయంలో బలం దొరికింది. శంకర్ విషయంలో బడ్గే వెంట ఉన్నాడన్నది నిజమే. ఆయుధాలు పాతిపెట్టిన చోటు పోలీసులకు చూపిందీ నిజమే. కాని వెంట ఉండటం వేరు, ఎందుకు వెళుతున్నామో తెలిసి, సరేనని ఉండటం వేరు. యజమాని రమ్మన్నచోటికి వెళ్ళి, ఇచ్చింది పట్టుకున్నవాడు ఆ ఒడంబడికలో భాగస్వామి అనడానికి రుజువు చాలలేదు. 1949 జూన్ 21న శంకర్ కిష్టయ్యనూ, డాక్టర్ పర్చూరేనూ విడిచిపెట్టారు.

నవంబరు 15న అంబాలా జైలులో నాథూరాంనూ ఆప్టేనూ ఉరితీశారు. కర్కరే, మదన్‌లాల్, గోపాల్ గోడ్సే 1964 అక్టోబరులో బయటికి వచ్చారు.

అసలు వివాదం అక్కడ మళ్ళీ రాజుకుంది. విడుదలైనవారికి ఆ నవంబరులో పూనాలో సన్మానం జరిగింది. ఆ సభలో మాట్లాడిన ఒక పెద్దమనిషి, ఈ ఆలోచన తనకు ముందే తెలుసునన్నాడు. దేశం మండిపడింది. పార్లమెంటులో గొడవ. చివరకు జస్టిస్ కపూర్ కమిషన్ ఏర్పడి, 1969లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక సావర్కర్ విషయంలో కోర్టు చెప్పినదానికి భిన్నమైన అభిప్రాయానికి వచ్చింది. సావర్కర్ బృందం చేసిన కుట్ర అని తప్ప మరో విధంగా అనుకోవడానికి వీలులేదన్నది.

నాటి నుంచి నేటి దాకా రెండు వర్గాలు. ఒకరు తీర్పు చూపిస్తారు, ఒకరు నివేదిక చూపిస్తారు. ఎర్రకోట జడ్జి సావర్కర్‌ను ఎందుకు విడిచిపెట్టాడు? బొంబాయిలో సావర్కర్ ఇంట్లో, గోడ్సే, ఆప్టేలు మెట్లు దిగుతుంటే జయప్రదంగా రండని సావర్కర్ అన్నాడని బడ్గే చెప్పాడు. దానికి బడ్గే తప్ప మరొక స్వతంత్ర సాక్షి లేడు. ఒక్క అప్రూవర్ మాట మీద శిక్ష వేయడం క్షేమం కాదన్నాడు జడ్జి. కమిషన్ ముందుకు సావర్కర్ అంగరక్షకుడూ కార్యదర్శీ లోగడ పోలీసులకు చెప్పిన మాటలు వచ్చాయి. అవి ఎర్రకోటకు రాలేదు. వాటిని ఎందుకు తేలేదని ప్రాసిక్యూషన్‌ను అడగవలసిందే, గట్టిగానే అడగవలసిందే. కాని 1966 ఫిబ్రవరిలో చనిపోయిన మనిషి ఆ మాటలను క్రాస్ ఎగ్జామిన్ చేయలేడు. నా మట్టుకు నాకు, చరిత్రకారుడు నివేదిక చదవడం న్యాయం, జడ్జి రుజువు అడగడమూ న్యాయం. ఒక నియమం పెద్దవాణ్ణి విడిపించినప్పుడు కోపం తెచ్చుకుని, అదే నియమం పనివాణ్ణి విడిపించినప్పుడు మెచ్చుకోవడం కుదరదు. సావర్కర్‌ను కాపాడినదీ, సిమ్లాలో శంకర్‌ను కాపాడినదీ ఒకే కొలత.

ఈ “తెలిసి చేశాడా” అన్న ముడి ఆ కేసుతో తీరిపోలేదు. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ఎన్నికల సభ ముగించుకుని, మద్రాసులో దిగి, శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యారు. మన వాళ్ళకు ఆ రాత్రి ఇప్పటికీ గుర్తే. 1998లో పూనమల్లి ప్రత్యేక కోర్టు 26 మందికి 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం ఉంచి, పందొమ్మిదిమందిని హత్యానేరం నుంచి విడిచిపెట్టింది. ఇరవై ఆరు ఏడైంది! మిగిలిన ఆ ఏడుగురిలో పేరరివాళన్ అనే అతను, అరెస్టయ్యేనాటికి 19 ఏళ్ళవాడు, బ్యాటరీలు కొనిచ్చాడన్నది ప్రధానమైన ఆరోపణ. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన ముక్కను వాంగ్మూలంలో రాయకుండా వదిలేశానని, రాసుకున్న పోలీసు అధికారే 2013లో ఒప్పుకున్నాడు. సుప్రీంకోర్టు 2022 మే 18న అతణ్ణి విడుదల చేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. శంకర్ కిష్టయ్యకు పదహారు నెలల్లో దొరికిన జవాబు ఇతనికి అంతకాలానికి కూడా సగమే దొరికింది. విడిచిపెట్టారు గాని నిర్దోషి అని తీర్పు రాలేదు.

ఇక మా కుర్రవాడి ప్రశ్నకు సెక్షన్ల జవాబు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఈ విషయం రెండు చోట్ల ఉండేది. 133వ సెక్షన్, ఇతర సాక్ష్యం బలపరచకపోయినా సరే, నేరంలో పాలుపంచుకున్నవాడి మాట మీద శిక్ష వేస్తే అది చట్టవిరుద్ధం కాదన్నది. 114వ సెక్షన్ కింది ఉదాహరణ, అటువంటివాడి మాట ముఖ్యమైన వివరాల్లో బలపడితే తప్ప నమ్మదగనిదని కోర్టు అనుకోవచ్చునన్నది. ఒక చేత్తో తలుపు తీసి, ఇంకో చేత్తో గొళ్ళెం పెట్టినట్టు. మొదటిది చట్టం, రెండోది జాగ్రత్త అని జడ్జీలు సర్ది చెప్పుకుంటూ, ఆష్ కేసు నుంచి ఎర్రకోట దాకా, ఆ తర్వాతా నెట్టుకొచ్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 133కు బదులు 138వ సెక్షన్ వచ్చింది. దాదాపు పాత వాక్యమే. కాని “బలపడకపోయినా” అన్నచోట “బలపడిన” అని మార్చారు. వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి గనుక నా కన్ను అక్కడే ఆగింది: నూటయాభై ఏళ్ళ వాదనల తర్వాత మారింది ఆ ఒక్క విశేషణం.